రక్తపు పోటు మాత్రలు - జాగ్రత్తలు పుట్టిన చరిత్ర

హైదరాబాదు నగరానికి పడమటి అంచున, లింగంపల్లి రైలు స్టేషనుకు చేరువలో నల్లగండ్ల ఉన్నది. ఒకప్పుడు అది ఒక చెరువు, దానికింద పొలాలు గల పల్లె. మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో కంప్యూటరు కంపెనీలు వెలసిన తరువాత ఇక్కడ అంతస్తుపై అంతస్తుగా భవనాలు లేచినవి. కొడుకులు, కోడళ్లు పనికి పోతే, మనుమలను చూచుకొనడానికి గుంటూరునుండో, కరీంనగరునుండో వచ్చిన తాతలు, అమ్మమ్మలు ఆ భవనాలలో చాలామంది ఉన్నారు. సాయంకాలంపూట వారు మందుల దుకాణానికి వచ్చి అడిగేది తరచుగా ఒక్కటే: బీ.పీ. మాత్ర.

అటువంటి దుకాణం ముందు కొంచెంసేపు నిలబడితే, ఏ ఊరిలోనైనా వినవచ్చే మాటలే ఇక్కడా వినబడతాయి. "ఇప్పుడు పోటు బాగానే ఉన్నదండీ, మాత్ర మానేశాను" అంటారొకరు. "మా వియ్యపురాలికి ఫలానా మాత్ర బాగా పనిచేసిందట, నాకూ అదే ఇవ్వండి" అంటారింకొకరు. "మోకాళ్ల నొప్పికి కూడా ఏదైనా ఇవ్వు బాబూ" అని మరొకరు. ఈ మాటలన్నిటిలోనూ ప్రమాదం పొంచి ఉన్నది. అయితే అవి ప్రమాదకరమని వైద్యులకు మొదటినుండీ తెలియదు. మందు పుట్టిన చాలాకాలానికి, రోగులు కష్టాలు అనుభవించిన మీదట, ఒక్కొక్క సంగతీ బయటపడినది. మందుల చరిత్ర వ్రాసేవారు కనుగొన్నవారి పేర్లు చెప్పి ఊరుకొంటారు. వాటిని ఎట్లా వాడకూడదో తెలిసివచ్చిన వైనం అంతకంటె తక్కువైనదేమీ కాదు.

గుండె ముడుచుకొన్నప్పుడల్లా రక్తం ధమనులలోనికి చిమ్మబడుతుంది. ఆ రక్తం ధమనుల గోడలను నెట్టే బలమే రక్తపు పోటు. దీనిని మొట్టమొదట కొలిచినవాడు వైద్యుడు కాడు, స్టీఫెన్ హేల్స్ అనే ఆంగ్లేయ మతాచార్యుడు. ఆయన ఒక గుర్రాన్ని కట్టివేయించి, దాని తొడలోని ధమనికి ఇత్తడి గొట్టమూ, దానికి పొడవైన గాజు గొట్టమూ తగిలించాడు. రక్తం ఆ గాజు గొట్టంలో 8 అడుగుల 3 అంగుళాల ఎత్తువరకు లేచినది. ఈ ప్రయోగాన్ని ఆయన 1733లో ప్రకటించాడు. పాదరసం రక్తంకంటె సుమారు 13 రెట్లు బరువైనది గనుక, ఆ ఎత్తును పాదరసంలోనికి మారిస్తే 190 మిల్లీమీటర్లకు పైగా వస్తుంది. తరగతిలో విద్యార్థులచేత ఈ లెక్క చేయించవచ్చు. కట్టుబడి, బెదరిపోయి ఉన్న గుర్రానికి పోటు అంత ఉండడంలో వింత లేదు.

మనుష్యుల ధమనిలో గొట్టం దూర్చడం కుదరదు గదా! 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచి చేతికి గాలి పట్టీ చుట్టి, నాడి ఆగిపోయే ఒత్తిడిని పాదరసం మట్టంతో కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1905లో కొరోట్కోవ్ అనే రష్యా వైద్యుడు పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వినడం నేర్పాడు. గాలి వదలుతూ ఉంటే మొదటి చప్పుడు వినిపించేచోట పై అంకె, చప్పుళ్లు ఆగిపోయేచోట కింది అంకె. 120, 80 అని మనం చెప్పుకొనే జంట అంకెలు అట్లా వచ్చినవే.

అంకె తెలిసినది గాని, దానిని తగ్గించవలెనా వద్దా అన్నది తేలడానికి మరి యాభై అరవై ఏండ్లు పట్టినది. వయస్సుతో ధమనులు బిరుసెక్కి ఇరుకు అవుతాయి. ఇరుకైన గొట్టంలోనుండి మెదడుకూ మూత్రపిండాలకూ రక్తం అందవలెనంటే పోటు హెచ్చక తప్పదు. దానిని తగ్గిస్తే అవయవాలకే నష్టం - ఇదీ ఆనాటి పెద్ద వైద్యులలో పలువురి వాదన. వినడానికి సబబుగానే తోస్తుంది. తర్కానికి నిలిచినదల్లా నిజం కాదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు కథ అందరికీ తెలిసినదే. 1944 మార్చిలో ఆయనకు పోటు 186, 108 ఉన్నట్లు కనుగొన్నారు. ఉప్పు తగ్గించమన్నారు, విశ్రాంతి తీసుకొమ్మన్నారు, గుండె నీరసానికి డిజిటాలిస్ ఇచ్చారు. పోటును నిలకడగా, రోగికి పెద్ద బాధ కలుగకుండా తగ్గించే మందు అప్పటికి ప్రపంచంలో ఎక్కడా అమ్మకానికి లేదు. 1945 ఏప్రిల్ 12న ఆయన తల పట్టుకొని ఒరిగిపోయినప్పుడు వైద్యుడు కొలువగా 300, 190 ఉన్నది. మెదడులో రక్తనాళం చిట్లి ఆనాడే ఆయన కన్నుమూశాడు. ప్రపంచ యుద్ధాన్ని నడిపించిన మనిషికి, నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాత్రపాటి వైద్యం అందలేదు.

అదే కాలంలో మన దేశంలో ఒక వేరు వైద్యుల దృష్టికి వచ్చి ఉన్నది. దానిని సంస్కృతంలో సర్పగంధ అనీ, తెలుగులో పాతాళగంధి అనీ అంటారు. పాముకాటుకూ, నిద్ర పట్టనివారికీ, మతి చలించినవారికీ దానిని వాడే ఆచారం తరతరాలుగా ఉన్నది. 1931లో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుసేన్ సిద్దిఖీ ఆ వేరునుండి కొన్ని ఆల్కలాయిడులను వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరు మీదుగా అజ్మలీన్ అని పేరుపెట్టారు. అదే సంవత్సరం కలకత్తాలో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ ఆ వేరు ఉన్మాదాన్ని శాంతింపజేయడమే గాక రక్తపు పోటునుగూడ తగ్గిస్తుందని వ్రాశారు. ఆ వ్యాసం ఒక భారతీయ వైద్య పత్రికలో పడినది. పశ్చిమ దేశాలవారు దాదాపు ఇరవై ఏండ్లు దానివైపు చూడనే లేదు.

చూచేటట్లు చేసినవాడు బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్. ఆయన రోగులకు ఆ వేరుతో చేసిన మాత్రలిచ్చి, వారి పోటును వారం వారం కొలిచి, యాభై మంది వివరాలను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్ అనే పత్రికలో ప్రకటించాడు. ప్రపంచమంతటా వైద్యులు దానిని చదివారు. బోస్టనులో రాబర్టు విల్కిన్స్ ఆ వేరును తెప్పించి పరీక్షించాడు. 1952లో స్విట్జర్లండులోని సీబా కంపెనీవారు అసలు పనిచేసే పదార్థాన్ని వేరుచేసి రిసర్పీన్ అన్నారు. 1957లో వకీల్‌కు అమెరికాలో గొప్పదిగా ఎంచే లాస్కర్ బహుమానం వచ్చినది.

ఇంతవరకు చెప్పి ఆపితే దేశాభిమానులకు సంతోషంగానే ఉంటుంది. కాని కథ ఇక్కడ ఆగలేదు. రిసర్పీన్ పెద్ద మోతాదులలో నెలల తరబడి వాడిన కొందరు క్రమంగా దిగులులో మునిగిపోయారు. తిండి సహించక, నిద్ర చెడి, బ్రదుకుమీద విరక్తి కలిగి, ఆత్మహత్యకు తలపడినవారుకూడ ఉన్నారు. ఈ సంగతిని 1954లోనే హెచ్చరించిన అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ ఫ్రైస్. ఆయన ఆ మందుకు శత్రువు కాడు. తానే దానిని రోగులకు ఇస్తూ ఉండినవాడు. నరాల కొసలలో సందేశాలు మోసే నార్‌ఎడ్రినలిన్, సెరటోనిన్ వంటి పదార్థాల నిలువలను రిసర్పీన్ ఖాళీ చేస్తుందని ఆ తరువాత తెలిసినది. ధమనులను బిగించే సందేశాలు తగ్గడంవల్ల పోటు తగ్గుతుంది. మెదడులోని నిలువలుకూడ తగ్గడంవల్ల మనస్సు కుంగిపోవచ్చును. మోతాదు తగ్గించిన తరువాత ఈ బాధ చాలావరకు అరుదైనది. మెరుగైన మందులు వచ్చిన మీదట రిసర్పీన్ వాడుక సన్నగిల్లినది.

సర్పగంధ చూర్ణమూ మాత్రలూ నేటికీ ఆయుర్వేద దుకాణాలలో దొరుకుతాయి. "వేరుమందే గదా, చేటేమున్నది?" అని డాక్టరుకు చెప్పకుండా, ఆయన వ్రాసిన మాత్రలతోపాటు దీనినిగూడ వాడేవారు ఉన్నారు. చేటు ఉన్నదో లేదో పై చరిత్ర చెబుతూనే ఉన్నది. ఆ వేరులో ఉన్నదీ, సీబావారి మాత్రలో ఉన్నదీ ఒకే రిసర్పీన్. తేడా ఏమంటే మాత్రలో ఎంత ఉన్నదో తెలుస్తుంది, చూర్ణంలో అంత కచ్చితంగా తెలియదు.

పోటు తగ్గిస్తే మేలా కీడా అన్న పాత వాదాన్ని తెగగొట్టినవాడుకూడ ఈ ఫ్రైసే. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో కింది అంకె 115 నుండి 129 దాకా ఉన్న 143 మంది పురుషులను ఆయన బృందం ఎన్నుకొన్నది. వారిలో 73 మందికి రిసర్పీన్, హైడ్రొక్లోరోథయజైడు, హైడ్రలజీన్ అనే మూడు మందులు ఇచ్చారు. మిగిలిన 70 మందికి చూడడానికి అట్లాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఎవరిది ఏదో రోగికీ తెలియదు, చూచే వైద్యుడికీ తెలియదు. 1967లో ఫలితాలు ప్రకటించారు. ఉత్తుత్తి మాత్రల జట్టులో 27 మందికి తీవ్రమైన ఆపదలు వచ్చినవి, నలుగురు మరణించారు. మందు జట్టులో ఆపదలు రెండే, మరణం ఒక్కటీ లేదు. నూట నలభై మూడు మందితో ఇంత స్పష్టమైన తీర్పు రావడం వైద్య చరిత్రలో అరుదు. కొంచెం తక్కువ పోటు ఉన్నవారిలోకూడ మందు మేలుచేస్తుందని 1970లో ఆయనే చూపాడు.

ఆ ప్రయోగంలో ఒక చిన్న ఉపాయం ఉన్నది, దానిని ఎక్కువమంది ప్రస్తావించరు. ప్రయోగంలో చేర్చుకొనడానికి ముందు రోగులకు రైబోఫ్లేవిన్ కలిపిన మాత్రలిచ్చారు. రైబోఫ్లేవిన్ అంటే బి2 విటమిను. తిన్నవారి మూత్రాన్ని అతినీలలోహిత కాంతిలో చూస్తే మెరుస్తుంది. మెరవకపోతే ఆ మనిషి మాత్ర వేసుకోలేదన్నమాట! మిగిలిన మాత్రలనుగూడ లెక్కపెట్టేవారు. సరిగా వేసుకోనివారిని ప్రయోగంలో చేర్చుకోలేదు. అనగా పైన చెప్పిన గొప్ప ఫలితం మాత్రలు రోజూ వేసుకొనేవారి ఫలితం. ఏ బాధా కనబడని జబ్బుకు రోజూ మందు మింగడం మనిషి స్వభావానికి ఎంత విరుద్ధమో ఫ్రైస్ బృందానికి ముందే తెలుసునన్నమాట. తలనొప్పి ఉంటేనే పోటు ఉన్నట్లూ, లేకపోతే లేనట్లూ భావించడం పొరపాటు. పోటు హెచ్చిన చాలామందికి ఏ సూచనా ఉండదు. "ఇప్పుడు బాగానే ఉన్నది" అని మాత్ర మానేసేవారు మరచిపోయేది ఇదే: అది బాగా ఉండడానికి కారణం ఆ మాత్రయే కావచ్చును.

ఇప్పుడు కథ హైదరాబాదుకు వస్తుంది. 1960 ప్రాంతంలో అమెరికా పరిశోధకులు మిథైల్‌డోపా అనే పదార్థం రక్తపు పోటును తగ్గిస్తుందని కనుగొన్నారు. శరీరంలో ఎడ్రినలిన్ వంటివి తయారుకాకుండా ఒక ఎన్‌జైమును అడ్డుకొనడానికి దానిని పరీక్షించారు. పోటు తగ్గినది గాని, వారు అనుకొన్న కారణంచేత కాదు. శరీరం మిథైల్‌డోపాను మరొక పదార్థంగా మార్చి, అది మెదడులో పనిచేసి, ధమనులను బిగించే సందేశాలను తగ్గిస్తుందని తరువాత తేలినది. మెర్క్ కంపెనీ దానిని ఆల్డోమెట్ అనే పేరుతో అమ్మకానికి పెట్టినది. రిసర్పీన్‌తో విసిగిన వైద్యులకు అది పెద్ద ఊరట.

ఆ రోజులలో మన దేశంలో పేటెంటు ఉన్న మందును మరొకరు తయారుచేయడానికి వీలులేదు. 1970 నాటి పేటెంటు చట్టం 1972లో అమలులోనికి వచ్చిన తరువాత మందు పదార్థంమీద కాక, తయారుచేసే పద్ధతిమీద మాత్రమే పేటెంటు మిగిలినది. వేరొక పద్ధతిలో తయారుచేయగలవారికి తలుపు తెరచుకొన్నది. ఆ పని చేయగల రసాయన శాస్త్రజ్ఞులు హైదరాబాదులో అప్పటికే కొందరు సిద్ధంగా ఉన్నారు. 1961లో స్థాపితమైన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ అనే ప్రభుత్వ సంస్థ సోవియెటు రష్యా సహాయంతో నగరంలో కృత్రిమ ఔషధాల కర్మాగారం కట్టినది. తార్నాకవైపు రీజినల్ రిసెర్చి లేబరేటరీ ఉన్నది. ఆ కర్మాగారంలో పనిచేసి, పని నేర్చుకొని, బయటకు వచ్చి సొంత కంపెనీలు పెట్టినవారివల్లనే హైదరాబాదు మందుల నగరం అయినది. వారిలో కల్లం అంజిరెడ్డిగారు ఒకరు. ఆయన గుంటూరు జిల్లా తాడేపల్లివారు. పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేటు పొందారు. 1984లో ఆయన డాక్టర్ రెడ్డీస్ లేబరేటరీస్ స్థాపించినప్పుడు ముందుగా చేపట్టిన మందు మిథైల్‌డోపా. 1986 నాటికి దానిని విదేశాలకు ఎగుమతి చేయసాగారు. విదేశీ మందుకోసం ఎదురుచూచిన దేశం అదే మందును విదేశాలకు పంపినది.

మిథైల్‌డోపా తయారీలో చిక్కు ఎక్కడున్నదో రసాయన శాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు విద్యార్థులకు వివరించవచ్చు. మన కుడిచేయి, ఎడమచేయి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంవలె ఉంటాయి; కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టదు. మిథైల్‌డోపా అణువుకుకూడ ఇటువంటి రెండు రూపాలున్నవి. మామూలు పద్ధతిలో తయారుచేస్తే రెండూ సగం సగం వస్తాయి. పోటును తగ్గించేది మాత్రం ఎడమవాటపుది ఒక్కటే. రెండవదానిని వేరుచేసి తీసివేయవలె. ఈ వేరుచేయడం చవకగా చేయగలిగినవాడే ఈ మందును చవకగా అమ్మగలుగుతాడు. నల్లగండ్లకు ఆనుకొని ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో అంజిరెడ్డిగారి సంస్థ పేరున ఒక జీవశాస్త్ర పరిశోధనాలయం నేడు ఉన్నది. దాని దారిన పోయేవారికి ఆ పేరు వెనుక రక్తపు పోటు మందు ఒకటి ఉన్నదని తెలియకపోవచ్చు.

మిథైల్‌డోపా జాగ్రత్తలుకూడ ఒక్కొక్కటిగానే బయటపడినవి. మొదటి వారాలలో మగత కమ్ముతుంది. లేచి నిలబడగానే కొందరికి కళ్లు తిరుగుతాయి. 1966లో లండను వైద్యులు మరొక సంగతి కనిపెట్టారు: ఈ మందు వాడే కొందరిలో శరీరం తన ఎర్రకణాలకే విరోధంగా ప్రతిపదార్థాలను తయారుచేసుకొంటుంది, అందులో కొద్దిమందికి రక్తం నిజంగానే క్షీణిస్తుంది. కాలేయంకూడ చెడవచ్చు. ఇవన్నీ మామూలు రక్తపరీక్షలో దొరికేవే. అందుచేతనే మందు వ్రాసినాయన అప్పుడప్పుడు రక్తపరీక్ష వ్రాస్తాడు. ఆ కాగితాన్ని అనవసరపు ఖర్చని మడిచి పెట్టెలో పెట్టడం తగదు.

మెరుగైన మందులు రావడంతో మిథైల్‌డోపా సామాన్య వాడుకనుండి తప్పుకొన్నది. కాని ఒక్కచోట మాత్రం నిలిచినది: గర్భిణీ స్త్రీల విషయంలో. 1976లో ఆక్స్ఫర్డులో రెడ్మన్, ఆయన సహచరులు గర్భిణులమీద దీనిని పరీక్షించి, పుట్టిన పిల్లలను ఏడున్నర ఏండ్ల వయస్సువరకు గమనించి చూచారు. పిల్లల పెరుగుదలకు, తెలివికి లోపం కనబడలేదు. గర్భంతో ఉన్నప్పుడు వాడే మందులలో ఇంతకాలం పిల్లలను వెంబడించి చూచినవి బహు కొద్ది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల పట్టికలో నేటికీ మిథైల్‌డోపా గర్భిణుల పోటుకోసం నిలిచి ఉన్నది. ఇక్కడ మన ఇండ్లలో తప్పక తెలిసి ఉండవలసిన సంగతి ఒకటి. గర్భిణులకు రక్తం పట్టడానికి ఇనుము మాత్రలు ఇస్తారు. ఇనుము, మిథైల్‌డోపా కడుపులో కలిస్తే ఒకదానినొకటి పట్టుకొని మిథైల్‌డోపా రక్తంలోనికి చేరడం తగ్గిపోతుంది. 1980లలో జరిగిన పరిశోధనలో, మందు మానకుండా వేసుకొంటూనే ఇనుము మొదలుపెట్టినవారికి పోటు హెచ్చినది. రెండూ కావలసినవే, రెండింటి మధ్య కొన్ని గంటలు ఎడం ఉంచవలె. ఎంత ఎడమో డాక్టరునడిగి తెలుసుకోవలెను.

హఠాత్తుగా మందు మానడంలోని ప్రమాదం మరొక మందువల్ల తెలిసినది. 1960ల ఆరంభంలో జర్మనీలో ఒక కంపెనీవారు జలుబుకు ముక్కులో వేసే చుక్కలకోసం క్లోనిడీన్ అనే పదార్థం తయారుచేశారు. జలుబుతో ఉన్న ఒక కార్యాలయ ఉద్యోగినికి దానిని వేయగా, ఆమె దాదాపు ఒక రోజంతా నిద్రపోయినది. పోటు బాగా పడిపోయినది. జలుబు మందు రక్తపు పోటు మందుగా మారినది. రోగులు దానిని వాడుతూ ఏ ప్రయాణంలోనో మరచిపోయి ఆపివేసినప్పుడు, ఒకటి రెండు రోజులలోనే పోటు మునుపటికంటె ఎక్కువగా ఎగసి, గుండె దడ, చెమటలు, తలనొప్పి పుట్టినవి. 1975లో ప్రొప్రనొలాల్ విషయంలోకూడ ఇటువంటి వార్త వచ్చినది. గుండెనొప్పి ఉన్నవారు దానిని ఒక్కసారిగా ఆపివేయగా కొందరికి గుండెపోటు వచ్చి ప్రాణాలు పోయినవి. కారణం ఊహించదగినదే. ఎడ్రినలిన్ సందేశాలను మందు చాలాకాలం అడ్డుకొంటే, వాటిని అందుకొనే గ్రాహకాలను శరీరం పెంచుకొంటుంది. చెవికి దూది పెట్టుకొన్నవాడు చెవిని ఒగ్గి వినడానికి అలవాటు పడినట్లు. దూదిని ఒక్కసారిగా లాగివేస్తే మామూలు మాటకూడ అరుపై తోస్తుంది. ఇటువంటి మందులు మానవలసి వస్తే డాక్టరు కొన్ని రోజులపాటు మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతాడు.

పామువిషంనుండి వచ్చిన మందు కథ మరీ ప్రసిద్ధమైనది కనుక క్లుప్తంగా చెప్పవచ్చు. బ్రెజిలులో జరరాక అనే పాము విషంలో పోటును తగ్గించే శక్తి ఉన్నదని సెర్జియో ఫెరేరా 1965లో చూపాడు. ఆయన దానిని లండనులో జాన్ వేన్ ప్రయోగశాలకు తీసుకొనిపోయాడు. ఆ విషం శరీరంలో ధమనులను బిగించే ఒక పదార్థం తయారుకాకుండా అడ్డుకొంటుంది. దానిని అనుకరించి అమెరికాలోని స్క్విబ్ కంపెనీలో కుష్మన్, ఆండెట్టి కాప్టోప్రిల్ తయారుచేశారు. 1981లో అది అమ్మకానికి వచ్చినది. ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని తమ్ములే. ఈ వంశపు మందులతో కొందరికి పొడి దగ్గు పట్టుకొంటుంది. దగ్గు మందులు ఎన్ని త్రాగినా పోదు. మాత్ర మార్చితే పోతుంది. 1995లో వచ్చిన లోసార్టాన్, తరువాతి టెల్మిసార్టాన్ వంటివి అటువంటివారికి పనికివస్తాయి. కాని ఈ రెండు వంశాల మందులూ గర్భంలోని శిశువు మూత్రపిండాలను చెరుస్తాయి. అత్తగారి మాత్ర గర్భిణి అయిన కోడలికి ఇవ్వకూడదనడానికి ఇంతకంటె కారణం అక్కరలేదు. ఇవి శరీరంలో పొటాషియంను నిలిపి ఉంచుతాయి గనుక, సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పును డాక్టరు అనుమతి లేకుండా వాడరాదు.

జాన్ వేన్ పేరు వచ్చినది కాబట్టి మోకాళ్ల నొప్పి సంగతి ఇక్కడే చెప్పవలె. ఆస్పిరిన్ నొప్పిని ఎట్లా తగ్గిస్తుందో 1971లో చూపినవాడు ఈయనే. 1982లో నోబెల్ బహుమానం పంచుకొన్నాడు. శరీరం ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాలను తయారుచేయకుండా ఆస్పిరిన్ ఆపివేస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ చేసేదీ ఈ పనే. చిక్కేమంటే, మూత్రపిండాలలో రక్తం సాఫీగా ప్రవహించడానికీ, ఉప్పు బయటకు పోవడానికీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే తోడ్పడతాయి. కాబట్టి నొప్పి మాత్రలు రోజూ వాడేవారికి పోటు హెచ్చవచ్చు, పోటు మాత్ర పనిచేయనట్లు కనిపించవచ్చు. రామిప్రిల్ వంటిదీ, మూత్రం జారీచేసే మాత్రా, నొప్పి మాత్రా - ఈ మూడూ ఒకే మనిషి వేసుకొంటే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉన్నది. వేసవిలో విరేచనాలై ఒంటిలో నీరు తగ్గిన రోజున ఆ ప్రమాదం ఇనుమడిస్తుంది. దుకాణంలో "నొప్పికి కూడా ఏదైనా ఇవ్వు" అని అడిగే ముందు, పోటుకు ఏమి వాడుతున్నదీ చెప్పవలసినది ఇందుకే.

2018లో మందు మానడం మానకపోవడం అనే ప్రశ్న ప్రపంచమంతటా ఒక్కసారిగా లేచినది. వల్సార్టాన్ అనే పోటు మందులో ఎన్.డి.ఎం.ఎ. అనే పదార్థం జాడలు బయటపడినవి. అది కాన్సరు కలిగించగలదని అనుమానింపబడే పదార్థం. చైనాలోని ఒక కర్మాగారం 2012లో తయారీ పద్ధతి మార్చినది. అందులో వాడిన డైమిథైల్ ఫార్మమైడు, సోడియం నైట్రైటు కలసి ఈ మలినం పుట్టినది. కొద్ది వారాలకే హైదరాబాదులోని ఒక కంపెనీ తయారుచేసిన వల్సార్టాన్‌లోకూడ అది, ఇంకా తక్కువ మోతాదులో, కనబడినది. మందును బజారునుండి వెనుకకు పిలిపించారు. అమెరికా ఔషధ నియంత్రణాధికారులు లెక్కకట్టి చెప్పినది ఏమంటే: ఆ మలినమున్న మందును 8,000 మంది అత్యధిక మోతాదులో నాలుగేండ్లపాటు రోజూ వాడి ఉంటే, వారందరి జీవితకాలంలో కాన్సరు ఒకరికి అదనంగా రావచ్చును. ఫ్రైస్ లెక్క ప్రక్కన దీనిని పెట్టి చూడవలె. తీవ్రమైన పోటుకు మందు లేని 70 మందిలో రెండేండ్లయినా నిండకముందే 27 మందికి ఆపద వచ్చినది. అందుచేతనే అధికారులు రోగులకు చెప్పినది "మాత్ర పారవేయండి" అని కాదు. "వేరే మాత్ర చేతికి వచ్చేవరకు ఉన్నదానిని ఆపవద్దు" అని.

2017లో కేంద్ర ప్రభుత్వం, భారత వైద్య పరిశోధనా మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలసి మొదలుపెట్టిన రక్తపు పోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ఆ పథకం క్రింద ఆరోగ్య కేంద్రాలలో పోటు చూచి, మందులు ఉచితంగా ఇస్తారు. మొదట ఇచ్చేది సాధారణంగా అమ్లోడిపిన్. ధమనుల గోడలలోని కండరాలలోనికి కాల్షియం పోకుండా అది అడ్డుకొంటుంది. కండరం సడలి నాళం విచ్చుకొంటుంది. కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. అది చూచి మూత్రపిండాలు చెడినవని బెదరిపోకుండా, మందు తానే మానకుండా, డాక్టరుకు చూపవలె. ఈ మందు శరీరంలో సగానికి తగ్గడానికి 30 నుండి 50 గంటలు పడుతుంది. అందుచేత రోజుకొకసారి చాలును, ఒక పూట మరచినా పెద్ద ముప్పు లేదు. అదే రోజు జ్ఞాపకం వస్తే వేసుకోవచ్చు, మరునాటి వేళ దగ్గరపడితే దానిని వదలివేయవలె, రెండు కలిపి వేసుకోరాదు. క్లోనిడీన్ వాడేవారికి ఈ వెసులుబాటు లేదు. అది గంటలలో దిగిపోతుంది. దుకాణంలో "బీ.పీ. మాత్ర" అని అడిగినప్పుడు అట్టను సగానికి కత్తిరించి ఇస్తే, మందు పేరూ గడువు తేదీ ఉన్న ముక్క తరచుగా అక్కడే ఉండిపోతుంది. ఇంటికి వచ్చిన ముక్కమీద ఏ మందో తెలియకపోతే, ఒక పూట మరచినప్పుడు ఏమి చేయవలెనో చెప్పడం డాక్టరుకైనా కష్టమే.